ఊపిరి తాగే సున్నం

ఫిరోజ్ మంజిల్ రెండో అంతస్తులో ఖుర్షీద్ బేగం గది తలుపు ఆ రోజు పొద్దున తెరుచుకోలేదు. గడియ తీసే ఉంది. ఆవిడ రెండు చేతులా గుంజింది, కొంగు నడుముకు చుట్టుకుని మళ్లీ గుంజింది. తలుపు గోడలో కలిసిపోయినట్టు కదలనే లేదు. చివరికి కిటికీలోంచి కేకలేస్తే, కింద ఇత్తడి సామాన్ల కొట్టాయన విని విద్యాసాగర్‌కు ఫోన్ చేశాడు. విద్యాసాగర్ తన భార్య ఇందుమతిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. ఆ తలుపును మూసింది ఏమిటో చెప్పగలిగిన మనిషి హైదరాబాదులో ఆమె ఒక్కతే.

ఇందుమతి తలుపు ముందు వంగి చూసింది. చెక్కకూ రాతి ద్వారబంధానికీ మధ్య ఉండాల్సిన సందు లేదు. దాని చోట సన్నటి తెల్లటి గీత, కోడిగుడ్డు పెంకులా నున్నగా, పైనుంచి కిందిదాకా ఎక్కడా తెగకుండా ఉంది. వేలితో తడిమితే చెమ్మ తగిలింది.

"నీ సున్నమే కదా?" అన్నాడు విద్యాసాగర్ వెనక నుంచి. మెట్లెక్కిన ఆయాసంలోనూ అతని గొంతులో నవ్వుంది.

"నా సున్నమే," అంది ఇందుమతి. కొంచెం గర్వంగానే అంది.

ఉలి పెట్టి నాలుగు దెబ్బలు కొట్టాక గీత పెళ్లున విరిగి, తలుపు లోపలికి పోయింది. ఖుర్షీద్ బేగం గుమ్మంలో నిలబడి ఇద్దరినీ ఎగాదిగా చూసింది. డెబ్బై దాటిన మనిషి. ఆ ఇంట్లోనే పుట్టింది. అదే ఇంట్లోనే పెళ్లయి, అదే ఇంట్లోనే భర్తను పోగొట్టుకుంది.

"ఇల్లు మంచిగైంది బేటీ, కాదనను. వానొస్తే ఇప్పుడొక్క చుక్క పడ్తలేదు. కానీ ఇల్లు నన్ను బయటికి పోనిస్తలేదు. దీనికేమన్న మందుందా?"

విద్యాసాగర్ గట్టిగా నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గొచ్చి ఆగిపోయాడు.

మూసీకి దక్షిణాన, ఇత్తడి కొట్లూ అత్తరు కొట్లూ నిండిన ఆ బజారుకు ఫిరోజ్ మంజిలే ఆనవాలు. ఆటోవాళ్లు దాని పేరు చెప్పే దారి చెప్పుకుంటారు. మధ్యలో చౌకు అనే ఖాళీ వాకిలి, దాని చుట్టూ మూడంతస్తులు, వెనక పెద్ద గుమ్మటం కింద దర్బారు హాలు, పైన కాపురాలు. గుమ్మటం నడుమ పగులిచ్చాక దాన్ని కూల్చెయ్యాలని కాగితాలు తయారయ్యాయి. పాత కట్టడాల మరమ్మతే వృత్తిగా పెట్టుకున్న విద్యాసాగర్, వయసులో మంచి భాగమంతా దానికోసం కోర్టుల చుట్టూ, ఆఫీసుల చుట్టూ తిరిగాడు. కూల్చివేత ఆగింది కానీ పగులు ఆగలేదు. అప్పుడే ఇందుమతి తన ప్రయోగశాలలో పెంచిన సూక్ష్మజీవిని డంగు సున్నంలో కలిపి అతని చేతికిచ్చింది.

అది గోడలో బతికే ప్రాణి. గోడలోని తడి వెంబడి పాకుతుంది. ఎక్కడ సందుంటే అక్కడికి పోతుంది. పాత సున్నాన్ని కొరికి, కరిగించి, మోసుకెళ్లి సందులో కొత్త రాయిలా పేరుస్తుంది. ఇంట్లో ఒక చోట దెబ్బ తగిలితే ఇల్లంతా కలిసి మాన్పుకుంటుందన్నమాట. రెండేళ్లలో గుమ్మటం పగులు వెతికినా కనబడకుండా పోయింది. ఆ రెండేళ్లూ విద్యాసాగర్ పొద్దస్తమానం ఆ దుమ్ములోనే, మేస్త్రీల పక్కనే, ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా పనిచేశాడు.

*

అయితే ఇందుమతికి ఒక సంగతి అంతుపట్టలేదు. తన సున్నం పగుళ్లను వెతుక్కుంటుంది, నిజమే. కానీ మంజిల్‌లో ఖాళీ గదుల తలుపులు బాగానే తెరుచుకుంటున్నాయి. మనుషులు పడుకునే గదులే మూసుకుపోతున్నాయి. తాళపు చెవి రంధ్రాలు ముందు పూడుతున్నాయి, తర్వాత కిటికీ రెక్కలు, ఆ తర్వాత తలుపులు.

ప్రయోగశాలలో ఆమె ఒక గాజుపెట్టెకు మధ్యలో ఆ సున్నంతో చిన్న గోడ కట్టించింది. పెట్టె రెండు చివరలా సున్నపు మూతలు పెట్టి, గాలికోసం ఒక్కో మూతకూ ఒక్కో బెజ్జం ఉంచింది. ఎడమ గదిలో ఒక తెల్లెలుకను వదిలింది. రెండో రోజుకు ఎలుక వైపు బెజ్జం పూడిపోయింది. కుడివైపుది అలాగే ఉంది. ఎలుకను తీసి కుడి గదిలో పెట్టింది. ఈసారి కుడి బెజ్జం పూడటం మొదలైంది. అంతకంటే వింత ఇంకోటి జరిగింది. ఎడమవైపు పూడిన బెజ్జం పలచబడి, పలచబడి, మళ్లీ తెరుచుకుంది. అక్కడి సున్నాన్నే ఇక్కడికి మోసుకొచ్చాయి ఆ సూక్ష్మజీవులు.

ఊపిరి! ఇందుమతి కుర్చీలోంచి లేచి నిలబడింది. మనిషి వదిలిన గాలిలో చెమ్మ ఉంటుంది, బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. సున్నం రాయి కావాలంటే కావలసింది ఆ రెండే. తను పెంచిన జీవి ఊపిరిని మరిగింది. ఊపిరి ఎక్కడ చిక్కగా ఉంటే అక్కడికి పరిగెడుతోంది.

ఆ క్షణంలో ఆమెకు కలిగింది భయం కాదు, సంతోషం. ఒక కొత్త సంగతి కనుక్కున్న సంతోషం. అది మర్నాటి దాకానే నిలిచింది. మర్నాడు ఎలుక చచ్చిపోయి ఉంది. బెజ్జం పూర్తిగా పూడనే లేదు కాబట్టి గాలాడక చచ్చింది కాదు. ఆమె దాన్ని కోసి చూసింది. కత్తి ఊపిరితిత్తుల దగ్గర కరకరమంది. లోపల గోధుమరవ్వ పోసినట్టు తెల్లటి పలుకులు.

కత్తి ట్రేలో పెట్టి ఆమె ఇంటికి బయల్దేరింది.

ఆ సాయంత్రం నారాయణగూడలో తమ ఫ్లాటుకు మెట్లెక్కుతూ విద్యాసాగర్ మొదటి మలుపులోనే ఆగాడు. చేతిలో కూరల సంచి ఉంది. గోడనున్న పాత నోటీసు ఏదో చదువుతున్నట్టు నిలబడ్డాడు. అతను ఈమధ్య ప్రతిరోజూ ఆ నోటీసు దగ్గరే ఆగుతున్నాడన్న సంగతి ఇందుమతికి అప్పుడు తట్టింది.

ఇంట్లోకి రాగానే అతన్ని సోఫాలో కూర్చోబెట్టి వీపుకు చెవి ఆనించింది.

"ఏంటిది ఇందూ, ఈ వయసులో?" అన్నాడు అతను.

"మాట్లాడకు. గాలి పీల్చు."

పీల్చాడు. ఎవరో ఇసకలో నడుస్తున్నట్టు సన్నటి చప్పుడు ఆమెకు వినబడింది. చెవి తియ్యలేదు. తీస్తే మొహం చూపించాలి.

*

ఆసుపత్రిలో డాక్టరు విద్యాసాగర్ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పట్టి చూపించాడు. నల్లగా ఉండాల్సిన చోటంతా, రెండు వైపులా కింది భాగం తెల్లగా ఉంది. ఇలాంటిది తను చూడలేదన్నాడు. పైకి పాకుతూ పోతే చలికాలం నాటికి గాలి పట్టే చోటే మిగలదన్నాడు.

ఇందుమతి నేరుగా మంజిల్ మరమ్మతు చేయిస్తున్న ట్రస్టు అధ్యక్షుడు నరహరిరావు దగ్గరికెళ్లింది. వచ్చే శుక్రవారం ఫిరోజ్ మంజిల్ పునఃప్రారంభోత్సవం. విదేశాల నుంచి కూడా జనం వస్తున్నారు. రంగూన్‌లో, పినాంగులో, మనీలాలో పాత బజార్లు కూలిపోతుంటే ఏం చెయ్యాలో తోచని నగరపాలకులంతా ఈ సున్నం కోసమే వస్తున్నారు.

"ఆపెయ్యండి," అంది ఆమె. "పైన కాపురాలన్నీ ఖాళీ చేయించండి. మేస్త్రీలందరికీ పరీక్షలు చేయించండి."

నరహరిరావు చెడ్డవాడు కాదు. మంజిల్ కోసం విద్యాసాగర్‌తో పాటు తనూ తిరిగినవాడే. మంచినీళ్లు తెప్పించి ఆమె ముందు పెట్టాడు. "చూడమ్మా, కాపురాలు రేపే మార్పిస్తా. పరీక్షలూ రేపే. కానీ ఆ ఒక్క సాయంకాలానికి ఏమౌతుంది? తలుపులన్నీ బార్లా తెరిచే ఉంచుదాం. ఇప్పుడు ఆపితే ఇంకెప్పటికీ తెరవనివ్వరు. రేపొద్దున బుల్డోజరు పంపిస్తారు. సాగర్‌ను అడుగు."

ఆమె సాగర్‌ను అడిగింది. అడక్కుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది.

అతను చేతిలో టీ కప్పుతో వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. "నాకేమయిందో నాకు తెలుసు," అన్నాడు. "నువ్వు చెప్పకపోయినా నీ మొహం చెప్పింది. ఆ హాల్లో జనం కూర్చుంటే ఒక్కసారి చూస్తా. ఆ ఒక్క సాయంత్రం ఇందూ. తర్వాత నువ్వేం చెయ్యమంటే అది చేస్తా."

శాస్త్రవేత్తగా ఆమె దగ్గర జవాబుంది. భార్యగా లేదు. సరేనంది.

*

శుక్రవారం మధ్యాహ్నం దాకా ఎండ కాసింది. చౌకులో షామియానా వేశారు, కుర్చీలు వేశారు, గులాబీ నీళ్లు చల్లారు. ముఖ్య అతిథులు మాట్లాడటం మొదలుపెట్టగానే ఆకాశం చిల్లుపడ్డట్టు వాన కురిసింది. షామియానా ఒక పక్కకు ఒరిగింది. జనమంతా కుర్చీలెత్తుకుని దర్బారు హాల్లోకి పరిగెత్తారు. ఆడవాళ్లు, ముసలివాళ్లు, పసిపిల్లల తల్లులు, విదేశీయులు అందరూ లోపలే. గాలికి వాన జల్లు లోపలికి కొడుతుంటే ఎవరో పెద్ద తలుపులు మూశారు. షెహనాయి వాళ్లు వేదికెక్కి వాయించసాగారు. అంత బాగా వాయిస్తుంటే తలుపు సంగతి ఎవరికీ పట్టలేదు.

ఇందుమతికి పట్టింది. కానీ ఆమె హాలు అవతలి కొసన, వేదిక పక్కన, జనంలో ఇరుక్కుని ఉంది. మోచేతులతో దారి చేసుకుంటూ తలుపు దగ్గరికి చేరేసరికి చాలా ఆలస్యమైంది. రెండు రెక్కల నడుమ, గడప వెంబడి, కమాను చుట్టూ తెల్లటి గీత మెరుస్తోంది. గోళ్లతో గీకింది. గీసిన చోటే తడి ఊరి మళ్లీ తెల్లబడింది. వాన గోడలన్నిటినీ తడిపింది. లోపల వందలమంది ఊపిరి. ఆ సున్నం పుట్టాక అంత విందు ఎన్నడూ ఎరగదు. తల పైకెత్తితే కిటికీల రాతి జాలీల్లో ఒక్కో కన్నూ మూసుకుంటోంది.

షెహనాయి ఆగింది. ఎవరో తలుపు గుంజారు. ఇంకొకరొచ్చి గుంజారు. ఆ తర్వాత అందరూ ఒక్కసారే తలుపు మీదికి తోసుకొచ్చారు. ఒక పాప ఏడుపందుకుంది.

"బయట ఫైరింజన్ వాళ్లొచ్చారు!" ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అరిచాడు నరహరిరావు. "తలుపు పక్క గోడ బద్దలు కొడతారట!"

"వద్దనండి!" విద్యాసాగర్ గొంతు పీలగా వచ్చింది. గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. "గుమ్మటం బరువంతా ఆ కమాను మీదే ఉంది. దాని అటూఇటూ రాళ్లు కదిలితే... మొత్తం మన నెత్తిన పడుతుంది."

మాట అయ్యేసరికి అతని పెదాలు నల్లబడ్డాయి. ఇందుమతి అతని వైపు ఒకడుగు వేసి ఆగింది. ఎలుక పెట్టె గుర్తొచ్చింది. ఎడమ గదిలోంచి ఎలుకను తీసేస్తే ఎడమ బెజ్జం తెరుచుకుంది.

ఆమె కుర్చీ ఎక్కి నిలబడింది. "అందరూ వినండి! తలుపు దగ్గర్నుంచి వెనక్కి వచ్చేయండి. వేదిక వైపు గోడకు ఆనుకుని కూర్చోండి. అందరూ!"

"పిచ్చా ఏంటి?" అన్నాడొకాయన. "ఉన్నది ఒక్కటే తలుపు, దాన్నొదిలి వెనక్కి పొమ్మంటారా?"

"ఇది మన ఊపిరికి మూసుకుంటోంది. మనం తలుపు దగ్గరున్నంత సేపూ తలుపు మందం అవుతూనే ఉంటుంది. మనం దూరం పోతే అక్కడి సున్నం మన వెంట వస్తుంది. తలుపు పలచబడుతుంది."

ఎవరూ కదల్లేదు. నమ్మమనడానికి ఆమె దగ్గర ఏముంది? ఈ సున్నం చేసింది తనే. తలుపుకు వీపు ఆనించి నిలబడ్డ ఒక తల్లి, బిడ్డను ఇంకా గట్టిగా పొదువుకుంది.

తలుపు దగ్గర వేసిన కుర్చీల్లోంచి చేతికర్ర చప్పుడు వినిపించింది. ఖుర్షీద్ బేగం లేచింది. తలుపుకు వీపు తిప్పి, ఒక్కో అడుగూ వేసుకుంటూ హాలు పొడుగునా నడిచి, వేదిక వెనక గోడ దగ్గర కింద చతికిలబడింది. "రాండ్రి," అంది. "ఈ తలుపుల తోని నాకు రోజూ ఉన్నదే. గుంజితే రావు ఇవి. ఇంజినీర్ సాబ్ భార్య చెప్పింది నిజమే. నేను మా వదిన వాళ్లింటికి పోయొస్తే, నా గది తలుపు దానంతటదే ఊడింది."

బిడ్డనెత్తుకున్న తల్లి మొదట కదిలింది. తర్వాత ఇంకొకరు. ఒకళ్ల పక్కన ఒకళ్లు, మోకాళ్లు మడుచుకుని, ఉన్న ఒక్క దారికీ ఎంత దూరం పోగలరో అంత దూరం పోయి కూర్చున్నారు. దీపాలు ఉక్కపోతలో మసకగా వెలుగుతున్నాయి. ఎవరో ప్రార్థన గొణుగుతున్నారు. వీపులకు ఆనిన గోడ తడితడిగా, చల్లగా, మెల్లగా మందమవుతుంటే ఒకరిద్దరు ఉలిక్కిపడి ముందుకు జరిగారు.

విద్యాసాగర్ ఇందుమతి భుజం మీద తల వాల్చి గుమ్మటం వైపు చూస్తున్నాడు. అతను ఒక్కసారి చూడాలనుకున్న దృశ్యం అది కాదు.

"క్షమించు," అన్నాడు.

"మాట్లాడకు. నీ గాలి నువ్వు దాచుకో."

చాలాసేపటికి తలుపు మీద సన్నటి బూడిదరంగు గీత కనబడింది. పగటి వెలుతురు. అవతల్నుంచి ఫైర్ వాళ్లు ఇనుప కడ్డీ దూర్చారు. టపటపా పెంకులు రాలాయి, ఒక రెక్క జానెడు తెరుచుకుంది. జనం ఒక్కుమ్మడిగా లేవబోయారు. ఇందుమతి చేతులు చాచి అరిచింది. "కొద్దికొద్దిమందే! మిగతావాళ్లు ఇక్కడే! అందరూ అక్కడ మూగితే మళ్లీ మూసుకుంటుంది!" పసిపిల్లలు ముందు, వాళ్ల వెనక ముసలివాళ్లు వెళ్లారు. అందరి చివర ఇందుమతి, నరహరిరావు కలిసి విద్యాసాగర్‌ను చెరో చెయ్యీ పట్టుకుని ఈడ్చుకొచ్చారు.

వాళ్లు చౌకులో తడుస్తూ నిలబడి ఉండగానే, ఆ గుంపు ఊపిరికి వాళ్ల వెనక ఆ తలుపు సందు మళ్లీ తెల్లగా నిండిపోయింది.

*

ఎవరూ చావలేదు. అందుకే కాబోలు నగరం ఆ సంగతిని తొందరగానే వేడుక చేసుకుంది. ఆ వర్షాకాలమంతా ఫిరోజ్ మంజిల్, వాన తడికీ చుట్టూ మూగే జనం ఊపిరికీ, తనకున్న తలుపులూ కిటికీలూ కన్నాలూ అన్నీ మూసుకుని, ఎండలో ముత్యంలా మెరుస్తూ నిలబడింది. తలుపుల్లేని మహల్ అని పేరొచ్చింది. ఫొటోలు దిగడానికి జనం వరస కట్టారు. నరహరిరావు చుట్టూ కంచె వేయించాడు. ఇక దీనికి వెయ్యేళ్లదాకా ఢోకా లేదని అందరికీ చెప్పుకున్నాడు.

ఇందుమతి ప్రయోగశాల వదలకుండా విరుగుడు తయారు చేసింది. ఆవిరిలా పీల్చే మందు. మేస్త్రీల్లో నలుగురికి ఊపిరితిత్తుల్లో పలుకులు కనబడ్డాయి. మందు పీల్చాక తెల్లగా దగ్గి, కొన్నాళ్లకు మామూలయ్యారు. విద్యాసాగర్ విషయంలో మాత్రం డాక్టరు ఒప్పుకోలేదు.

"వాళ్లకు కండలో పలుకులున్నాయి," అన్నాడు. "ఈయనకు కండే చాలాచోట్ల సున్నమైపోయింది. ఆ జీవి దాన్ని ఎప్పటికప్పుడు సరిచేసుకుంటూ నిలబెడుతోంది. దాన్ని చంపితే ఆ గోడలు నిలబడతాయో, పొడైపోయి ఊపిరి పోతుందో నేను చెప్పలేను. మీరు చెప్పగలరా?"

మందు ఇస్తే చంపొచ్చు. ఇవ్వకపోతే చలికాలం చంపుతుంది. ఆ మందు సీసా తన సంచిలోనే ఉండగా, ఇందుమతి రోజూ అతని మంచం పక్కన కూర్చుని బత్తాయి వొలిచి పెట్టేది.

ఒక రోజు విద్యాసాగరే అన్నాడు, రెండేసి మాటలకు ఒకసారి ఆగుతూ: "నాలాంటిది ఇంకోటుంది కదా. ముందు దానికివ్వు. చూద్దాం."

మంజిల్‌లో కూడా పాత సున్నం దాదాపు మిగల్లేదు. అంతా ఆ జీవి పేర్చిందే. ఇందుమతి నరహరిరావు దగ్గరికి వెళ్లి అడిగింది. ఈసారి ఆయన మంచినీళ్లు తెప్పించలేదు.

"మీ ఇంటి మనిషి కోసం ఊరి కట్టడాన్ని బలిపెడతారా? సాగర్ జీవితమంతా ఏ పని కోసం తిరిగాడమ్మా?"

నిజంగానే ఇందుమతి అడుగుతున్నది అదే. ఇంటికొచ్చి భర్తకు చెప్పకుండా ఊరుకుంది.

నోరు తెరిచింది ఖుర్షీద్ బేగం. మంజిల్ కాపురాలవాళ్లందరినీ వెంటబెట్టుకుని ట్రస్టు మీటింగుకు వచ్చి, కర్ర నేలకు తాటించి నిలబడింది. "నా పెనిమిటి ఫొటో లోపలుంది. నా కుట్టుమిషన్ లోపలుంది. మీరు దాని సుట్టూ కంచె వేసి తస్వీర్లు దిగుతున్నరు. తలుపు లేనిది ఇల్లెట్లయితది సాబ్? గోరీ అయితది. దాన్ని తెరువుండ్రి. నిలవడితే ఉంటం. పడితే పడనీ."

కాపురాల హక్కు వాళ్లది. గొడవ కోర్టుకెక్కితే, కోర్టు కూడా వాళ్ల మాటే విన్నది.

వానలు వెనకబట్టాక, క్రేన్ల మీది గొట్టాలతో మంజిల్ మీద విరుగుడు నీళ్లు చల్లారు. ఇందుమతి మోతాదు రోజుకు కొంచెం కొంచెంగా పెంచింది. మొదటి వారం ఏమీ కాలేదు. తర్వాత తలుపుల చుట్టూ తెల్లటి పెళ్లలు ఊడిపడ్డాయి. విద్యాసాగర్ రోజూ కారులో కూర్చుని, ఆక్సిజన్ గొట్టం ముక్కుకు పెట్టుకుని చూసేవాడు. ఒక మధ్యాహ్నం, పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. గుమ్మటం మెత్తగా, తడిసిన పంచదార కుప్పలా లోపలికి కుంగి దిగిపోయింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. దుమ్ము ఆ బజారంతా కప్పేసి, మెల్లగా అణిగింది.

దుమ్ము అణిగాక చూస్తే, గుమ్మటమూ దక్షిణం వైపు గదులూ లేవు. ఉత్తరం వైపు మూడంతస్తులూ, ముందు కమానుల వరసా చెక్కుచెదరకుండా నిలబడి ఉన్నాయి.

ఇందుమతి కారు తలుపు పట్టుకుని నిలబడింది. అతని వైపు చూడటానికి ధైర్యం చాల్లేదు.

"సగం," అన్నాడు విద్యాసాగర్. నిలిచిన కమానుల వైపు చూస్తూ మళ్లీ అన్నాడు. "సగం చాలు. రేపు మొదలుపెట్టు."

*

మందు పీల్చిన పదిహేను రోజులూ అతను తెల్లటి ఇసక దగ్గాడు. తర్వాత ఆ ఇసకలో ఎరుపు కలిసింది. ఎడమ ఊపిరితిత్తి కూలిపోయింది. కోసి తీసేశారు. అది చేతికి ఇటుకలా బరువుగా ఉందని నర్సు చెప్పింది. కుడిది నిలబడింది.

సంక్షిప్తంగా మాట్లాడటం అలవాటైంది అతనికి. మెట్లెక్కకూడదన్నారు. కింది అంతస్తు ఇల్లు చూసుకుని మారారు. రంగూన్ నుంచీ మనీలా నుంచీ వచ్చే ఫోన్లకు ఇందుమతే జవాబు చెప్పేది. విరుగుడు ఎలా చెయ్యాలో వివరంగా చెప్పేది. సున్నం మాత్రం ఇక ఎవరికీ ఇవ్వనని, ఉన్నదంతా కాల్చేశానని చెప్పేది.

ఎండలు ముదరకముందే ఒక పొద్దున అతను మంజిల్‌కు తీసుకెళ్లమన్నాడు. ఆమె వారం రోజులు వాయిదా వేసి, చివరికి తీసుకెళ్లింది. కాపురాలవాళ్లు ఉత్తరం వైపుకు అప్పటికే చేరారు. పై అంతస్తులో ఖుర్షీద్ బేగం కుట్టుమిషన్ చప్పుడు వినబడుతోంది. దంపతులిద్దరూ కమాను కిందుగా, ఒకప్పటి దర్బారు హాలు నేల మీదికి నడిచారు. పైన కప్పు లేదు. ఎండ తిన్నగా గచ్చు మీద పడుతోంది. విద్యాసాగర్ కూలిన రాళ్లలో ఒకదాని మీద కూర్చున్నాడు. మూసీ మీదుగా వచ్చే గాలి కమానుల్లోంచి దూరి అతని చొక్కాను ఊపింది.

"ఎంత గాలి..." అన్నాడు. ఆగాడు. "ఎంత గాలి ఉందో చూడు. ఇక్కడ."

ఇందుమతి తలూపింది. మొహానికి దళసరి మాస్కు ఉంది. ఇల్లు దాటితే చాలు, ఆమె అది తియ్యదు. ఇంట్లోనూ కిటికీ దగ్గరే పడుకుంటుంది.

"తియ్యి," అన్నాడతను. "ఏం లేదిక. నువ్వే చెప్పావు కదా."

ఏమీ లేదని ఆమెకు తెలుసు. గోడలోంచి మచ్చులు తీసి పరీక్షించింది తనే, ఒకసారి కాదు. చేతులెత్తి చెవుల దగ్గర దారాలు పట్టుకుంది. వేళ్లు అక్కడే ఆగిపోయాయి. హాల్లో గోడకు ఆనుకుని కూర్చున్న ఆ జనం మొహాలు, తడితడిగా వీపు వెనక మందమయ్యే గోడ... గాలి లోపలికి తీసుకుందామంటే ఛాతీ ఒప్పుకోలేదు. చేతులు దించేసింది.

విద్యాసాగర్ మళ్లీ అడగలేదు. పక్కన రాయి మీద చోటు చూపించాడు. ఆమె వచ్చి కూర్చుంది. తూర్పు వైపు కొత్త మెట్లు ఎక్కడ కడితే బాగుంటుందో అతను ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పసాగాడు. ఆమె మాస్కు వెనక నుంచి వింటూ కూర్చుంది.